రెండో అంకం

1983 అక్టోబరు 9, ఆదివారం

పేపర్లో పడింది. జనవరిలో న్యూయార్క్ బ్యాలే కంపెనీ డాలస్ వస్తోంది. ఫెయిర్ పార్క్ హాల్లో రెండు ఆటలు. శనివారం సాయంత్రం వెరా సోలిన్, ఆదివారం మధ్యాహ్నం ఆన్ కాల్డర్. ఇద్దరిదీ నేనెప్పుడూ చూసే ఆ పల్లెపిల్ల పాత్రే. పేపరు మడిచి ఎప్పటిలాగే మా ఆయన కుర్చీ పక్కన పెట్టేశాను.

ఈరోజు ఫెలోషిప్ మా ఇంట్లోనే జరిగింది. ప్లేనో, రిచర్డ్‌సన్, గార్లండ్‌లలో ఉన్న తెలుగు క్రైస్తవ కుటుంబాలన్నీ వచ్చాయి. ఆరాధన అయ్యాక భోజనాలు. చేపల పులుసు పెట్టాను. ఫెలోషిప్ పెద్ద సత్యానందం గారు రెండోసారి వడ్డించుకుంటూ, "బాగుందమ్మా నవోమీ. లూసమ్మయితే చింతపండు ఇంకాస్త తగిలించేది" అన్నారు.

"ఆ చెయ్యే వేరులెండి" అన్నారు ఆయన భార్య.

మా ఆయన తల వంచుకుని తింటున్నారు.

మా ఆయన మొదటి భార్య లూసీ పోయి నాలుగేళ్ళు. నేను ఈ ఇంటికొచ్చి ఏడాదిన్నర. పులుసు, కర్టెన్లు, కీర్తన ఎత్తుకునే శ్రుతి, కూతురు దెబోరా జడ... అన్నీ ఆవిడ ఒకసారి చేసి చూపించి వెళ్ళింది. న్యూయార్క్‌లో పన్నెండేళ్ళు నేను చేసిందీ ఇలా పోల్చడమే కదా. హాస్పిటల్ డ్యూటీ దిగి, నిలబడి చూసే టిక్కెట్టు కొనుక్కుని, వెనక వరస కమ్మీకి ఆనుకుని, "ఈమె చేతులు బాగున్నాయి కానీ ఆమె దూకుడు వేరు" అని పక్కవాళ్ళతో గుసగుసలు. ఆ మాటలు స్టేజీ మీదివాళ్ళకి వినబడతాయని ఎప్పుడూ అనుకోలేదు.

అక్టోబరు 11

ఆయనకి చెప్పాను. "చూద్దాం" అన్నారు.

అక్టోబరు 12

ఆయన కాదనలేదు. మంచి మనిషి. పెళ్ళికి ముందు ఫోన్లో ఆయనే అన్నారు: "మాకూ డాలస్‌కి బ్యాలే వస్తుందండీ, మీరేమీ పోగొట్టుకోరు" అని. ఆ మాటకే నేను ఒప్పుకున్నానని ఆయనకి తెలియదు.

అక్టోబరు 27, గురువారం

దెబోరా వంటింటి టేబుల్ దగ్గర హోమ్‌వర్క్ చేసుకుంటోంది. దానికి పదమూడేళ్ళు. పెన్సిల్ నములుతూ, "ఆంటీ, ఆ డాన్స్‌లో స్టోరీ ఏంటి?" అంది.

చెప్పాను. పల్లెటూళ్ళో ఒక పిల్ల. నాట్యమంటే ప్రాణం, గుండె మాత్రం బలహీనం. ఒక జమీందారు కొడుకు మామూలు మనిషి వేషంలో వచ్చి ప్రేమిస్తాడు. అతనికి వేరే సంబంధం ఖాయమైపోయిందని తెలిసిన క్షణాన పిల్లకి మతి చలించి అక్కడికక్కడే పడి చనిపోతుంది. అది మొదటి అంకం. రెండోది సమాధుల దగ్గర. ఇలాగే మోసపోయి చనిపోయిన ఆడపిల్లల ఆత్మలు అటుగా వచ్చిన మగవాణ్ణి ప్రాణం పోయేదాకా ఆడిస్తాయి. పువ్వులు పట్టుకుని అతను వస్తాడు. ఈ పిల్ల అడ్డం నిలబడి, తెల్లవారేదాకా అతని కోసం తను ఆడి, బతికించి, వెళ్ళిపోతుంది.

"వై? హీ లైడ్ కదా!"

"అదే ఒక్కొక్కళ్ళూ ఒక్కోలా చెబుతారమ్మా. అందుకే మళ్ళీ మళ్ళీ చూస్తాం."

పిల్ల పడుకున్నాక కూడా వెరా, ఆన్ ఇద్దరూ మనసులో ఆడుతూనే ఉన్నారు. వెరా మొదట్లోనే, ఇంకా సంతోషంగా గెంతుతున్నప్పుడే, ఎవరూ చూడకుండా ఒకసారి గుండె మీద చెయ్యి వేసుకుంటుంది. మతి పోయాక ప్రియుడితో ఆడిన అడుగుల్నే మళ్ళీ వేస్తుంది, సగం సగం, ఎక్కడో పెట్టి మరిచిన వస్తువు వెతుక్కుంటున్నట్టు. ఆమెది గుండెజబ్బు చావు. నర్సుని, ఆ మాత్రం చెప్పగలను. ఆన్ అలా కాదు. ఊళ్ళోవాళ్ళలో ఒక్కొక్కళ్ళ దగ్గరికీ వెళ్ళి మొహంలోకి చూస్తుంది. మీకు తెలుసా, మీ అందరికీ ముందే తెలుసా, అని. ఆమెది అవమానంతో చావు. నేను వెరా పక్షం. ఆన్ చిన్నది. ఇంకా చాలా చూడాలి.

నవంబరు 5, శనివారం

డ్రైవింగ్ నేర్చుకుంటానని మళ్ళీ అడిగాను. న్యూయార్క్‌లో నాకు ఆ అవసరమే రాలేదు. సబ్‌వే ఉండేది. ఇక్కడ పాల డబ్బాకి కూడా కారే. మా వీధి దాటితే నడవడానికి గట్టు కూడా లేదు.

"నేనున్నాగా. ఎక్కడికెళ్ళాలో చెప్పు, తీసుకెళ్తాను" అన్నారు.

తీసుకెళ్తారు కూడా. షాపులో బండి తోస్తూ నా పక్కనే నడుస్తారు. విసుక్కోరు. ఉల్లిపాయలు ఏరి పెడతారు.

హాస్పిటల్ ఉద్యోగం సంగతి అడిగినప్పుడు, "ముందు డ్రైవింగ్ రానీ" అన్నారు. డ్రైవింగ్ అడిగితే, "ఉద్యోగం దొరికితే అప్పుడు చూద్దాం" అన్నారు. రెండు మాటలూ వేరు వేరు రోజుల్లో అనడంతో నేను పట్టించుకోలేదు.

నవంబరు 24, థాంక్స్‌గివింగ్

సత్యానందం గారింట్లో విందు. మాటల్లో డాలస్ ఆటల సంగతి వచ్చింది. లోకసంబంధమైన వాటి గురించి సత్యానందం గారు రెండు మాటలు చెప్పారు. పొట్టి గౌన్లు, మగవాళ్ళు ఎత్తుకోవడం. ఎవరూ నా వైపు చూడలేదు, అంటే అందరికీ తెలుసు.

మా ఆయన నవ్వి, "మా నవోమికీ ఒకప్పుడు ఆ పిచ్చి ఉండేది లెండి" అన్నారు.

నేనూ నవ్వాను. నన్ను కాపాడ్డానికే అలా అన్నారు.

నవంబరు 25

ఉండేది.

డిసెంబరు 23, శుక్రవారం

వారం పైగా గడ్డకట్టే చలి. ఇలాంటిది ఇక్కడివాళ్ళూ ఎరగరట. గోడలో పైపు పగిలింది. ఆయన సాయంత్రం వచ్చి బాగు చేయిస్తానని చెప్పి ఆఫీసుకి వెళ్ళారు. ఉన్నది ఒక్క కారే.

మధ్యాహ్నం దెబోరాకి ఆయాసం మొదలైంది. ఉబ్బసం మందు పంపు రెండుసార్లు పీల్చినా తగ్గలేదు. మెడ కింద గుంటలు పడుతున్నాయి. అంబులెన్స్‌కి ఫోన్ చేస్తే, రోడ్లన్నీ యాక్సిడెంట్లే, ఆలస్యమవుతుందన్నారు. ఆయన మీటింగ్‌లో ఉన్నారట. పన్నెండేళ్ళు వార్డుల్లో ఎంతమందికో ఊపిరి అందించినదాన్ని, ఖాళీ గరాజ్‌లో నిలబడి అటూ ఇటూ చూశాను. పిల్ల పెదాలు రంగు మారుతున్నాయి. ఇంట్లో చెప్పులతోనే మూడిళ్ళ అవతల ఉన్న వసుమతి దగ్గరికి పరిగెత్తాను. రెండుసార్లు జారి పడ్డాను.

వసుమతిది వరంగల్. మాటలో ఆ యాస పోలేదు. ఏమిటని అడగలేదు, తాళాలు తీసుకుంది. "పిల్లను గట్టిగ పట్టుకో వదినె. నేను మెల్లగనే పోత, కానీ ఆగ" అంది. ఆ గాజులాంటి రోడ్డు మీద ఎక్కడా ఆగలేదు.

హాస్పిటల్లో ఇంజెక్షన్ ఇచ్చాక పిల్ల రంగు తిరిగింది. ఆయన వచ్చి, దాని పాదాలు పట్టుకుని కూర్చుండిపోయారు. ఇంటికొచ్చాక చెప్పాను: "నాకు నడపడం వచ్చి, ఇంట్లో ఇంకో కారుంటే ఇంతసేపు పట్టేది కాదు."

"వచ్చుంటే ఆ ఐసు మీద నువ్వే వెళ్ళేదానివి."

"వెళ్ళేదాన్ని."

"అదే" అని లేచి, పైపు చూడ్డానికి వెళ్ళారు.

డిసెంబరు 26

దెబోరా మంచం మీదే ఉంది. జడ వేస్తుంటే తనంతట తనే చెప్పింది. లూసీ యాక్సిడెంట్‌లో పోయిందని నాకు తెలుసు. ఆ కారు నడుపుతున్నది లూసీయేనని ఎవరూ చెప్పలేదు. ఫోర్ట్‌వర్త్‌లో పాటల ప్రాక్టీసట.

"రెయిన్ వస్తుంది, డోంట్ గో అన్నాడు డాడీ. మమ్మీ, తొమ్మిదికి వచ్చేస్తాను అంది. దే హాడ్ ఎ ఫైట్." జడ కొస నా చేతిలోంచి లాక్కుని తనే రబ్బరు బ్యాండ్ వేసుకుంది. "డాడీతో చెప్పకండి, నేను చెప్పానని."

ఇన్నాళ్ళూ కోపం తెచ్చుకునే హక్కయినా ఉందనుకున్నాను. ఇప్పుడు అదీ పోయింది. మొండి మనిషితో అయితే వాదించవచ్చు. భయపడే మనిషితో ఎలా?

1984 జనవరి 1, ఆదివారం

కొత్త సంవత్సరం ఆరాధన నుంచి వచ్చాక ఆయన కోటు జేబులోంచి రెండు టిక్కెట్లు తీసి కాఫీ కప్పు పక్కన పెట్టారు. పద్నాలుగో తేదీ. వెరా సోలిన్.

"సంతోషమేనా?" అన్నారు.

సింకు దగ్గరికి వెళ్ళి కుళాయి తిప్పాను, మొహం కనబడకుండా. ఈ డైరీలో ఆయన గురించి రాసిన కొన్ని మాటలు కొట్టేయాలి.

జనవరి 15, ఆదివారం, పొద్దున్నే

చూశాను. వెరా చాలా బాగా చేసింది. వయసు తెలుస్తోంది, అయినా బాగా చేసింది. నిజానికి ఈ బ్యాలేలో మొదటి అంకమే ముఖ్యం.

అదే రోజు, తొమ్మిదింటికి

బట్టల మెషిన్ తిరుగుతోంది. ఇది ఆగేలోగా నిజం రాస్తాను.

నిన్న సాయంత్రం నీలం పట్టుచీర కట్టుకున్నాను. ఆయన సూటు వేసుకున్నారు. దెబోరాని సత్యానందం గారింట్లో దింపాం. మా సీట్లు మధ్యలో. ఇంత దగ్గర్నుంచి ఎప్పుడూ చూడలేదు. మేళం మొదలవగానే, పన్నెండేళ్ళ అలవాటు, కూర్చున్నా నా చేతులు కమ్మీ కోసం వెతికాయి.

వెరా వచ్చింది. నలభై దాటి ఉంటుంది, నా వయసే. గుండె మీద చెయ్యి వేసుకోలేదీసారి! ఒక్కసారి వేళ్ళు లేచాయి, మధ్యలో ఆగిపోయాయి, పక్కపిల్లతో నవ్వేసింది. తెలిసీ తెలియనట్టుంది. నేను ఎప్పుడూ చూడని మార్పు. మతి పోయినప్పుడు అడుగులు వెతుక్కోలేదు. అన్నీ గుర్తున్నాయి, కాళ్ళే మాట వినడం లేదు. ఆమె పడిపోయినప్పుడు హాలంతా ఊపిరి బిగబట్టింది. ఈ వెరా సమాధిలోంచి లేచి రెండో అంకంలో ఎలా ఆడుతుందో చూడాలని నా ఒళ్ళంతా కళ్ళయింది.

తెర పడింది. దీపాలు వెలిగాయి. ఆయన లేచి కోటు తొడుక్కున్నారు.

"పద."

"ఇంటర్వెల్ అండీ. ఇంకో అంకం ఉంది."

"పిల్ల చచ్చిపోయిందిగా? ఇంకేముంది? దెబోరాని తొమ్మిదిన్నరకి తీసుకెళ్తానన్నాను. రోడ్డు మీద ఐసు పడుతుందంటున్నారు."

"అసలుదంతా ఇప్పుడేనండీ."

"నవోమీ" అన్నారు, మెల్లగా, పక్కవాళ్ళకి వినబడకుండా. చెయ్యి అందించారు. ఎప్పుడూ అంత మర్యాదగానే ఉంటారు.

లేచాను. ఎవరూ నన్ను లాగలేదు. నా కాళ్ళతోనే నడిచాను. బయటికొచ్చి చూస్తే రోడ్డు పొడిగా ఉంది. హైవే ఎక్కాక, "బాగుంది. నాకూ నచ్చింది" అన్నారు. నేను, "అవునండీ" అన్నాను.

ఈ మధ్యాహ్నం రెండింటికి ఆన్ కాల్డర్.

మెషిన్ ఆగింది.

జనవరి 16, సోమవారం

నిన్న ఫెలోషిప్‌కి బయల్దేరుతుంటే చెప్పాను: "నేను రావడం లేదండీ. వసుమతితో ఫెయిర్ పార్క్‌కి వెళ్తున్నాను."

"నిన్న తీసుకెళ్ళానుగా?"

"సగం."

"ఈరోజు ఆదివారం, నవోమీ."

"తెలుసు."

ఆయన తాళాల గుత్తి అటు ఇటు మార్చారు. "నేను వద్దంటున్నాను."

ఆ మాట నోట్లోంచి వచ్చాక ఆయన మొహం చూడాల్సింది. తన మాట తనకే ఎక్కడో విన్నట్టనిపించింది కాబోలు, గోడ పట్టుకున్నారు. దెబోరా బూట్లు చేత్తో పట్టుకుని తలుపులో నిలబడింది. "ఆంటీ, యూ విల్ కమ్ బ్యాక్, రైట్?" అంది.

"ఐదున్నరకి" అన్నాను.

వసుమతికి బ్యాలే అంటే ఏమిటో తెలియదు. దారంతా నేనే మాట్లాడాను. హాలు దగ్గరికెళ్తే టిక్కెట్లు ఒక్కటీ లేవు. నిలబడి చూస్తానన్నాను. ఇక్కడ ఆ పద్ధతి లేదట. మొదటి అంకమంతా లాబీలో కూర్చున్నాం. తలుపుల వెనక మేళం వినబడుతోంది. ఎక్కడ ఏ అడుగో నాకు తెలుస్తూనే ఉంది. వసుమతి నన్నే చూస్తోంది. "ఏందే వదినె, పానం పోతున్నట్టు చేస్తవ్" అంది.

ఇంటర్వెల్‌లో చేతికర్ర పట్టుకున్న ఒక ముసలావిడ ఇంటికి వెళ్ళిపోతూ కోటు తీసుకుంటోంది. వెళ్ళి అడిగాను. ఇంగ్లీషులో ఏం మాట్లాడానో గుర్తు లేదు. ఆవిడ తన చింపిన టిక్కెట్టు ముక్క నా చేతిలో పెట్టి, నా చెయ్యి ఒకసారి నొక్కి వెళ్ళిపోయింది. ఒక్కటే. "నువ్వు పో. నేనిక్కడనే కూసుంట" అంది వసుమతి.

సీటు చివరి వరసలో. దాని వెనక నిలబడ్డాను.

ఇప్పుడు ఆన్ గురించి రాయాలి. రాయలేకపోతున్నాను. మొదటి అంకం వెరాది, రెండో అంకం ఆన్‌ది. ఒకరు చనిపోతే వేరొకరు లేచినట్టయింది. ఈమెను దేనితో పోల్చను? చేతులు ఎలా ఉన్నాయి, ఎగిరినప్పుడు చప్పుడైందా, ఏదీ లెక్కకు రాలేదు. పన్నెండేళ్ళూ ఆ పిల్లనే చూస్తూ వచ్చాను. నిన్న ఆ జమీందారు కొడుకుని చూశాను. కూలిపోతున్నాడు, లేస్తున్నాడు, మళ్ళీ ఆడుతున్నాడు. ఆగడం చేతకాని మనిషి. ఆగితే ఏమవుతుందో అన్న భయం. ఆన్ అతని ముందు నిలబడి ఆడుతోంది, కానీ ఆమె అతనిది కాదు. దయ ఉంది. ఆపైన ఏమీ లేదు. తెల్లవారింది, గంట మోగింది, ఆమె వెళ్ళిపోయింది. వెనక్కి చూడలేదు. వెరా అయితే...

వెరా ఏం చేసేదో నాకు తెలియదు. చూడలేదు.

తిరుగు దారిలో పెట్రోలు కోసం ఆగడంతో ఆరు దాటింది. గరాజ్ తలుపు పైకి తీసి ఉంది. ఆయన లోపలి మెట్టు మీద కూర్చుని ఉన్నారు, ఆ చలిలో, కోటు లేకుండా. ఐదింటి నుంచీ అక్కడే ఉన్నారని దెబోరా తర్వాత చెప్పింది.

"ఐదున్నర అన్నావు."

"పెట్రోలు పోయించుకున్నాం."

"లూసీ కూడా టైం చెప్పే వెళ్ళింది." ఏడాదిన్నరలో ఆ పేరు నా దగ్గర అనడం అదే మొదలు. "నేను కోపంగా పంపించాను దాన్ని. వెళ్తే వెళ్ళు అన్నాను."

పక్కన కూర్చున్నాను. మెట్టు మంచుగడ్డలా ఉంది. ఆయన చేతులు నా చేతుల్లోకి తీసుకుని రుద్దాను. కాసేపు ఏడ్చారు. కళ్ళు తుడుచుకుని, "ఇంకెప్పుడూ ఇలా చెయ్యకు" అన్నారు.

చేతులు వదల్లేదు. ఊఁ అనలేదు.

జనవరి 22, ఆదివారం

ఫెలోషిప్‌లో సత్యానందం గారు "మన సహోదరి మనసు కోసం" ప్రార్థన చేశారు. పేరు చెప్పలేదు. అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను తెరిచే ఉంచాను. మా ఆయనవీ తెరిచే ఉన్నాయి. కార్పెట్ చూస్తున్నారు.

ఫిబ్రవరి 3

వసుమతిని ఊరికే ఇబ్బంది పెట్టొద్దు, వాళ్ళకీ పనులుంటాయి అన్నారు మా ఆయన.

ఫిబ్రవరి 9

ఉప్పు. పాలు. దెబోరా ఫీజు. మాటలింతే.

ఫిబ్రవరి 14

సూట్‌కేసు దించి చూశాను. న్యూయార్క్‌లో నా పాత వార్డులో మనుషులు కావాలంటున్నారు, ఫోన్ చేస్తే చెప్పారు. బట్టలు కొన్ని సర్దాను. దెబోరా స్కూలు నుంచి వచ్చి, మంచం మీద సూట్‌కేసు చూసి, ఏమీ అడక్కుండా వంటింట్లోకెళ్ళి తనే బ్రెడ్ కాల్చుకుంది. రెండు ముక్కలు నాకూ తెచ్చింది. ఒకవైపు మాడాయి. తిన్నాను. సూట్‌కేసు మళ్ళీ పైన పెట్టేశాను.

దీన్ని ప్రేమ అనాలో, తాళం అనాలో.

ఫిబ్రవరి 20

ఎటూ పోలేనని ఇప్పుడు తెలుసు. అందుకని ఇక్కడే నడవడం నేర్చుకోవాలి. వసుమతికి ఫోన్ చేశాను.

మార్చి 1, గురువారం

ఆయన ఆఫీసుకి, దెబోరా స్కూలుకి వెళ్ళాక వసుమతి వచ్చింది. మూతపడిన ఫర్నిచర్ షాపు ముందు పెద్ద పార్కింగ్ స్థలం. మనిషి లేడు. నన్ను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి, తను పక్క సీట్లోకి వెళ్ళింది.

ఇంజను శబ్దం సీటులోంచి వీపుకి తగిలింది. అద్దంలో నా మొహం. ఇలాంటి సీట్లోనే లూసీ కూర్చుంది. వాన పడుతుంటే అద్దం తుడుచుకుని ఉంటుంది. పాడుకుంటూ వెళ్ళిందేమో. మొదటిసారి ఆవిడ పులుసు మీద, శ్రుతి మీద నాకు ఏ పోటీ అనిపించలేదు. ఆవిడకి ఏదో ఇష్టముండేది, దానికోసం బయల్దేరింది, అంతే.

"బ్రేక్ మీంచి కాలు తియ్యి" అంది వసుమతి.

"తీస్తే పోతుంది."

"పోనీకే గదా మనమొచ్చింది!"

కాలు తీశాను. కారు దానంతటదే ముందుకి కదిలింది. మనిషి నడిచినంత మెల్లగా. నేను కేక వేశాను. వసుమతి నవ్వుతోంది. అవతలి కొస దాకా వెళ్ళి, తిప్పి, మళ్ళీ వచ్చాం.

దాచాలనిపించలేదు. రాత్రి భోజనాల దగ్గర చెప్పాను: "ఈరోజు వసుమతి కారు నడిపానండీ. పార్కింగ్ స్థలంలో. ప్రతి గురువారం వెళ్తాను. పరీక్షకి కూడా వెళ్తాను."

దెబోరా నీళ్ళ గ్లాసు సగంలో ఆపింది. ఆయన ముద్ద కంచంలో పెట్టేశారు. లేచి చెయ్యి కడుక్కున్నారు. కుళాయి కట్టేసిన చప్పుడైంది, అడుగుల చప్పుడు రాలేదు. తర్వాత వచ్చి మళ్ళీ అదే కంచం ముందు కూర్చున్నారు.

"బ్రేకు ఏ కాలితో తొక్కావు?"

"కుడికాలితో."

"ఎడమకాలు వాడకూడదు."

"తెలుసండీ."

ఆయన గిన్నె అందుకుని, నా కంచంలో అన్నం పెట్టారు.